పెండ్లి వీడియో పెడితే నల్ల తెర, మేళం మాత్రం వినిపిస్తాంది. ఏ కోడెక్ వేయాల?

బురుజు_పిల్లోడు, కర్నూలు
బుధవారం రాత్రి 9:40

అన్నలారా అక్కలారా కొంచెం చూడండప్పా. మా చిన్నాయన కొడుకు పెండ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినారు, ఒకటే ఫైలు, 29 జీబీ, 2 గంటల 10 నిమిషాలు. మా ఇంట్లో సిస్టమ్ పాతది, ఐ3 నాలుగో జనరేషన్, ర్యామ్ 8 జీబీ, విండోస్ 10. డబుల్ క్లిక్ చేస్తే జీరో ఎక్స్ సీ 00డీ 5212 అని ఏందో ఎర్రర్ వచ్చింది, కోడెక్ లేదంట. సరే అని గూగుల్‌లో కోడెక్ ప్యాక్ అని కొట్టి మొదట కనపడింది వేసినా, కాలే. ఇంగోటి వేసినా, కాలే. మూడోది గూడా వేసినా. ఇప్పుడు పాత విండోస్ మీడియా ప్లేయర్‌లో మేళం వినపడతాంది, బొమ్మ లేదు, తెరంతా నలుపు. అది ఒకటే అయితే ఓర్చుకుందును, మొన్నటిదాంకా బాగా ఆడిన పాత పాటల వీడియోలకు గూడా సౌండ్ పోయింది. బ్రౌజర్ తెరిస్తే ఎప్పుడూ చూడని సెర్చ్ పేజీ వస్తాంది.

వీఎల్సీలో పెడితే బొమ్మ వస్తాంది గానీ ఒక బొమ్మ వచ్చి నిలబడతాది, మళ్ళ కొంతసేపటికి ఇంగో బొమ్మ. తాళి కట్టేది ఫోటో ఆల్బమ్ తిప్పినట్ల ఉండాది.

రాజ్‌విహార్ దగ్గర ఒక షాపుకు పోతే చూడకుండానే మదర్‌బోర్డు పోయింది, 6 వేలు అవుతాది అన్యాడు. ఆదివారం ఆలూరు నుంచి మా జేజి వస్తాంది. పెండ్లిలో తాను యాడ పడిందో చూడాలంట, నెల నుంచి ఫోన్లో ఇదే మాట. ఏం చేయాల చెప్పండి.

హంద్రీనీళ్లు, కర్నూలు
బుధవారం రాత్రి 9:52

ఫార్మాట్ కొట్టు తమ్ముడూ. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, 11 వేసుకో, అన్నీ అవే సర్దుకుంటాయి.

టవర్‌క్లాక్, అనంతపురం
బుధవారం రాత్రి 10:15

ఫార్మాట్ వద్దు, మదర్‌బోర్డు అసలే వద్దు. వీఎల్సీలో బొమ్మ వస్తాందంటే బోర్డుకు ఏ రోగమూ లేదు. 11 అంటావా హంద్రీ అన్నా, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో జనరేషన్ కాడి నుంచే దానికి అర్హత, ఈ పిల్లోనిది నాలుగోది, మామూలు దారిలో ఎక్కదు. ఎక్కినా ఈ సమస్య ఇట్లనే ఉంటాది.

తమ్ముడూ, ఇంగ ఏ ప్యాకూ వేయాకు. ముందు ఫైలు లోపల ఏముందో చూడాల. పేరు చివర ఎంపీ4 అనో ఎంకేవీ అనో ఉంటాదే, అది ఉత్త క్యారియర్. పొలానికి సద్ది తీసుకపోయే టిఫిన్ క్యారియర్ అనుకో. పై గిన్నెలో వీడియో, కింద గిన్నెలో ఆడియో, ఒక్కోసారి చిన్న గిన్నెలో సబ్‌టైటిల్స్. బయటి నుంచి క్యారియర్ చూసి లోపల సంగటి ఉందో ఒగ్గాణి ఉందో ఎవురు చెప్తారు? ఆ గిన్నెలో ఉండేదాన్ని ఏ పద్ధతిలో కుదించినారో అదే కోడెక్. రెండు ఎంపీ4లు పక్కపక్కన పెట్టుకుంటే ఒకటి ఆడతాది ఇంగోటి ఆడదు, కారణం ఇదే.

మీడియాఇన్ఫో అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉండాది, ఉచితం. అందులో ఫైలు వేసి వచ్చింది ఇక్కడ పెట్టు. లేదంటే వీఎల్సీలో ఫైలు ఆడతా ఉన్నప్పుడు కంట్రోల్ పట్టుకొని జే నొక్కు, కోడెక్ వివరాలు అక్కడే వస్తాయి.

బురుజు_పిల్లోడు, కర్నూలు
బుధవారం రాత్రి 10:38

చూసినా అన్నా. వీడియో: హెచ్‌ఈవీసీ, ప్రొఫైల్ మెయిన్ 10, 3840 బై 2160, సెకనుకు 25 ఫ్రేములు, బిట్ డెప్త్ 10, బిట్‌రేటు 30 ఎంబీపీఎస్ దగ్గర. ఆడియో: ఏఏసీ, 2 ఛానెళ్ళు. ఇవన్నీ ఏందో నాకు తెలీదు.

టవర్‌క్లాక్, అనంతపురం
బుధవారం రాత్రి 11:05

ఇంగ దొంగ దొరికినట్లే.

నీ ఫైలు 4కే, హెచ్‌ఈవీసీ, 10 బిట్. హెచ్‌ఈవీసీకే హెచ్.265 అని ఇంగో పేరు. అది స్టాండర్డ్‌గా వచ్చింది 2013లో. నీ నాలుగో జనరేషన్ ప్రాసెసర్ గూడా బయటికొచ్చింది 2013లోనే. అంటే ఆ చిప్పు డిజైన్ చేసే టయానికి ఈ కోడెక్ ఇంగా పురిట్లో ఉండాది. పాత హెచ్.264 వీడియో అయితే నీ చిప్పులో దానికోసమే ఒక మూల కట్టి పెట్టినారు, ఆ మూల పని చేస్తా ఉంటే ప్రాసెసర్‌కు చెమట గూడా పట్టదు. హెచ్‌ఈవీసీకి సరైన మూల ఆరో జనరేషన్‌లో వచ్చింది, అది గూడా 8 బిట్‌కే. 10 బిట్ పూర్తిగా అందుకునింది ఏడో జనరేషన్. నీ దాంట్లో అది లేదు కాబట్టి మొత్తం లెక్క ప్రాసెసరే చేతులతో చేయాల. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 80 లక్షల పైన చుక్కలు. ఆ ఐ3 ఏం చేస్తాది పాపం.

అనుమానం ఉంటే వీఎల్సీ ఆడించి పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి చూడు. సీపీయూ 100 దగ్గర మేకు కొట్టినట్ల ఉంటాది.

కాబట్టి నీకు ఉండేది రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి ఫైలు నీ సిస్టమ్‌కు బరువు. రెండోది నువ్వు వేసిన మూడు ప్యాకులు చేసిన పాడు. మొదటిది కోడెక్ వేస్తే తీరేది కాదు. రెండోది కోడెక్ తీస్తే తీరుతాది.

బురుజు_పిల్లోడు, కర్నూలు
బుధవారం రాత్రి 11:11

మరి విండోస్ ప్లేయర్ కోడెక్ లేదు అని ఎందుకన్యాది అన్నా? ప్యాక్ వేసినా గానీ ఆ కొత్త ప్లేయర్‌లో అదే ఎర్రర్.

టవర్‌క్లాక్, అనంతపురం
బుధవారం రాత్రి 11:30

మంచి ప్రశ్న అడిగినావు. విండోస్‌లో వీడియో ఆడించడానికి రెండు దారులు ఉన్నాయి, పాతది డైరెక్ట్‌షో, తర్వాత వచ్చింది మీడియా ఫౌండేషన్. నెట్‌లో దొరికే కోడెక్ ప్యాకులన్నీ దాదాపు డైరెక్ట్‌షో దారికే. స్టోర్‌తో వచ్చే ప్లేయర్లు నడిచేది మీడియా ఫౌండేషన్ దారిలో. అంటే నువ్వు కర్నూలు పాత బస్టాండులో నిలబడి కొత్త బస్టాండు బస్సుకు చేయి ఊపినట్ల. ఎన్ని ప్యాకులు వేసినా ఆ ప్లేయర్ కంటికి ఆనవు. దానికి కావాల్సింది మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉండే హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్, దానికి కొంచెం దుడ్డు కట్టాల, ఎందుకంటే హెచ్‌ఈవీసీ మీద పేటెంట్లు బోలెడు మంది చేతుల్లో ఉన్నాయి. ఏవీ1, ఎంపెగ్-2 అనే వేరే కోడెక్‌ల ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఉచితమే.

వీఎల్సీ ఈ రెండు దార్లలోనూ పోదు. కుదించినదాన్ని విప్పే డీకోడర్లు తన మూటలోనే కట్టుకొని తిరుగుతాది. అందుకే నీ సిస్టమ్‌లో ఎన్ని ప్యాకులు కొట్లాడుకున్నా వీఎల్సీలో సౌండ్ బాగానే ఉంటాది, చూడు కావాలంటే.

బురుజు_పిల్లోడు, కర్నూలు
బుధవారం రాత్రి 11:34

అవునన్నా!! పాత పాటలు వీఎల్సీలో పెడితే సౌండ్ వస్తాంది. నేను స్పీకర్లు పోయినాయి అనుకోని వైర్లు గూడా పీకినా.

ఒగ్గాణి_బజ్జి, గుంతకల్లు
గురువారం ఉదయం 7:20

నేను పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవాన్ని కాబట్టి మా వైపు మాట గూడా ఒకటి చెప్పనీ. ఆ ఫైలు ఇచ్చినాయన తప్పేం చేయలే. 10 బిట్ అంటే ఒక్కో రంగుకు 1024 మెట్లు, 8 బిట్ అయితే 256 మెట్లే. రిసెప్షన్ స్టేజీ మీద నీలం లైటు గోడకు పడి మెల్లగా చీకట్లోకి పోతాది చూడండి, 8 బిట్‌లో అక్కడ గీతలు గీతలుగా కనపడతాది. హెచ్‌ఈవీసీలో ఇస్తే అదే నాణ్యతకు హెచ్.264తో పోలిస్తే సగం దగ్గర జాగాలో పడతాది. కస్టమర్లు వచ్చినప్పుడు 4కేలోనే కావాల అంటారు, ఇంట్లో ఏ టీవీ ఉంది ఏ సిస్టమ్ ఉంది అని అడిగితే అవన్నీ నీకెందుకు అంటారు. నేనైతే ఇప్పుడు రెండు ఫోల్డర్లు పెట్టిస్తాండా, ఒకటి 4కే దాచిపెట్టుకునేకి, ఇంగోటి ఫుల్ హెచ్‌డీ హెచ్.264 చూసేకి.

తమ్ముడూ నువ్వు ఆ వీడియో ఆయనకే ఫోన్ చేసి 1080పీ హెచ్.264 కాపీ ఒకటి తీసియ్యన్నా అని అడుగు. ప్రాజెక్ట్ ఇంగా డిలీట్ కాకపోతే ఆయనకు అది ఒక బటన్ పని.

బురుజు_పిల్లోడు, కర్నూలు
గురువారం ఉదయం 8:05

చేసినా అన్నా, ఆయన ముహూర్తాల మీద బళ్ళారిలో ఉండాడంట, సోమవారం వస్తా అన్యాడు. జేజి వచ్చేది ఆదివారం.

హంద్రీనీళ్లు, కర్నూలు
గురువారం ఉదయం 8:10

గ్రాఫిక్స్ కార్డు వేయి అయిపోతాది. 710 తక్కువలో వస్తాది సెకండ్ హ్యాండ్.

టవర్‌క్లాక్, అనంతపురం
గురువారం ఉదయం 8:32

అన్నా, నీకు దండం. జీటీ 710కి హెచ్‌ఈవీసీ రాదు. అది కొంటే దుడ్డూ పోతాది, వీడియో ఇట్లనే నిలబడతాది. కార్డే కొనాల అనుకుంటే జీటీ 1030 కాడి నుంచి చూడాల, అది 10 బిట్ హెచ్‌ఈవీసీని సులభంగా ఆడిస్తాది, వేరే కరెంటు వైరు గూడా అడగదు. అయినా ఒక పెండ్లి వీడియో కోసం కార్డు ఏంది, మార్చుకుంటే పోతాది.

హ్యాండ్‌బ్రేక్ అని వీడియోను ఒక కోడెక్ నుంచి ఇంగో కోడెక్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉండాది, దించుకో, ఉచితం. ఫైలు అందులో వేయి, ఫాస్ట్ 1080పీ30 అనే ప్రీసెట్ పట్టుకో, వీడియో ట్యాబ్‌లో హెచ్.264 అనే ఉందా చూసుకో, యావరేజ్ బిట్‌రేటు 3500 పెట్టు. ఆడియో ఏఏసీ 160. నీ 2 గంటల 10 నిమిషాలకు లెక్కేస్తే 3.6 జీబీ లోపల వస్తాది. ఈ లెక్క ఎందుకంటే పాత టీవీలు కొన్ని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటితే ఎక్కదు. రేపు మీ చిన్నాయన వాళ్ళకు గూడా పనికొస్తాది.

కానీ ముందు ఆ మూడు ప్యాకులు పీకేయి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల లిస్టును తేదీ వారీగా పెట్టుకుంటే నిన్న ఎక్కినవన్నీ పైన వరసగా కనపడతాయి. ప్యాకులతో పాటు నువ్వు వేయని టూల్‌బార్‌లు గూడా దొరుకుతాయి, అన్నీ తీసేయి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు చూసి తెలియనిది పీకి, సెర్చ్ ఇంజిన్ మళ్ళ నీదే పెట్టుకో. విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ ఒకసారి. రీస్టార్ట్.

ఈ ప్యాకులు ఎందుకు పాడు చేస్తాయంటే, డైరెక్ట్‌షోలో ప్రతి ఫిల్టర్‌కు, అంటే వీడియోనో ఆడియోనో విప్పే ముక్కకు, మెరిట్ అని ఒక నంబరు ఉంటాది. ఎవుని నంబరు ఎక్కువైతే వాడు ముందు కూర్చుంటాడు. ప్రతి ప్యాకూ వచ్చి నాదే ఎక్కువ నాదే ఎక్కువ అని పెట్టుకుంటాది, బంతిలో ముందు విస్తరి కోసం తోసుకున్నట్ల. అట్ల ముందుకొచ్చినోడు పని తెలియనోడైతే సౌండ్ పోతాది.

వేదిక_కాపలా, నిర్వాహకుడు
గురువారం ఉదయం 9:00

చిన్న మనవి. వీఎల్సీ గానీ హ్యాండ్‌బ్రేక్ గానీ వాళ్ళ సొంత సైటు నుంచే దించుకోండి. వీఎల్సీది వీడియోలాన్ డాట్ ఆర్గ్. 2022లో మన దేశంలో ఆ సైటు కొన్ని నెలలు తెరుచుకోలేదు, నవంబర్‌లో మళ్ళ తెరిచినారు. ఆ కాలంలో జనం యాడయాడి నుంచో దించుకున్న ఫైళ్ళు ఇంగా పెన్‌డ్రైవుల్లో తిరుగుతా ఉన్నాయి. వీఎల్సీ గుర్తు ఆరెంజి కోన్ బొమ్మ ఉందని నమ్మొద్దు.

లెక్కల_సారు, కడప
గురువారం మధ్యాహ్నం 2:15

నమస్కారం. చర్చ అంతా చదివినాను. టవర్‌క్లాక్ గారూ, క్యారియర్ పోలిక చాలా బాగుంది, నా ముప్పై ఏండ్ల సర్వీసులో పిల్లలకు ఇట్లాంటివి చెప్పలేకపోయినాను. నాది వేరే సమస్య. మా పెద్దమ్మాయి పెళ్ళి 2003లో ప్రొద్దుటూరులో జరిగింది, మూడు సీడీలు ఇచ్చినారు. కొత్త ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే అరే లేదు. అల్లుడు యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ పంపినాడు. సీడీ తెరిస్తే ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ (డి-ఏ-టి) అనే ఫైలు కనిపిస్తుంది కానీ దేంతో తెరవాలి అని అడుగుతుంది. రెండో సీడీ కాపీ చేస్తుంటే సగంలో ఆగిపోతుంది. ఏమి చేయవలెను?

ఒగ్గాణి_బజ్జి, గుంతకల్లు
గురువారం సాయంత్రం 4:40

సార్ నమస్తే. అది వీసీడీ, అంటే వీడియో సీడీ సార్. లోపల ఉండేది ఎంపెగ్-1, బొమ్మ 352 బై 288 అంతే. అప్పట్లో 21 ఇంచుల డబ్బా టీవీలో బాగా కనపడేది, ఇప్పుడు 43 ఇంచుల్లో పెడితే మొహాలు గళ్ళుగళ్ళుగా కనపడతాయి, కోడెక్ తప్పు కాదు, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఒక సీడీలో 74 నిమిషాల దగ్గర పడుతుంది కాబట్టే మూడు ఇచ్చినారు.

డాట్ ఫైలును వీఎల్సీలోకి లాగి వదలండి సార్, ఆడుతుంది. ఆగిపోయే సీడీ సంగతి, వీసీడీల్లో వీడియోకు ఎక్కువ జాగా దొరకాలని తప్పులు సరిదిద్దుకునే అదనపు సమాచారం తగ్గించి రాస్తారు, అందుకే చిన్న గీత పడినా కాపీ నిలబడిపోతుంది. మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవొద్దు. అప్పటికీ కాకపోతే ఐసోబస్టర్ అని ఉంది, చదవలేని చోటు దాటేసి మిగతాది తీస్తుంది. తీసిన వెంటనే రెండు చోట్ల దాచుకోండి. ఆ సీడీలు ఇంకెన్నాళ్ళు బతుకుతాయో.

పెన్న_ఒడ్డు, ప్రొద్దుటూరు
గురువారం రాత్రి 8:50

ఇదే దారంలో నాదొకటి అడుగుతా తిట్టొద్దండి. నాకు సినిమా పెడితే ఫైట్లు ఇల్లు అదిరిపోతాయి, మాటలు మాత్రం పక్కింట్లో మాట్లాడుకున్నట్ల వినపడవు. వాల్యూమ్ పెంచితే మాటలు వస్తాయి, అంతలో ఒక బాంబు పేలితే మా ఇంటామె రిమోట్ పీక్కుంటాది. ఉండేది రెండే స్పీకర్లు.

టవర్‌క్లాక్, అనంతపురం
గురువారం రాత్రి 9:10

విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కు పో, ప్లేబ్యాక్‌లో నీ స్పీకర్ పట్టుకొని కాన్ఫిగర్ నొక్కు. అక్కడ 5.1 అని ఉందా?

పెన్న_ఒడ్డు, ప్రొద్దుటూరు
గురువారం రాత్రి 9:18

ఉందే! ఎవురు పెట్టినారో.

టవర్‌క్లాక్, అనంతపురం
గురువారం రాత్రి 9:25

స్టీరియో పెట్టు. 5.1 ఆడియోలో మాటలన్నీ మధ్య స్పీకర్‌కు పోతాయి. నీకు ఆ మధ్య స్పీకరే లేదు, సిస్టమ్ మాత్రం ఉందనుకోని లేని స్పీకర్‌కు డైలాగులు పంపిస్తా ఉండాది. స్టీరియో పెడితే మధ్యది రెండిట్లోకి కలుపుతాది. ఇంగా తేడా ఉంటే వీఎల్సీలో ఎఫెక్ట్స్‌లో కంప్రెసర్ ఆన్ చేయి, బాంబు తగ్గి మాట పెరుగుతాది.

పెన్న_ఒడ్డు, ప్రొద్దుటూరు
గురువారం రాత్రి 9:41

సామీ, నువ్వు అనంతపురంలో ఉండి నా కాపురం నిలబెట్టినావు.

మల్లెమొగ్గ, కడప
గురువారం రాత్రి 10:30

నేను ఎప్పుడూ చదివి పోతానే గానీ రాయను. ఒకటి అడగాలనిపించింది. మా నాయనది పాత నోకియా ఫోన్ ఉంది, 2008లో దాంట్లో తీసిన చిన్న వీడియో, 40 సెకన్లు, మా కళ్ళంలో చెనక్కాయలు పోసి కూర్చొని ఏదో చెప్తా ఉంటాడు. 3జీపీ అని ఉంది ఫైలు. ల్యాప్‌టాప్‌లో పెడితే బొమ్మ కదలతాది, మాట రాదు. ఫోన్ ఆన్ కావడం లేదు, మెమరీ కార్డు ఒకటే మిగిలింది. నాయన పోయి ఆరేండ్లు అయింది. మాట అసలు రికార్డ్ అయినాదో లేదో గూడా తెలీదు.

టవర్‌క్లాక్, అనంతపురం
గురువారం రాత్రి 10:44

అక్కా, మాట ఉండే ఉంటాది. ఆ ఫోన్లలో బొమ్మ హెచ్.263, మాట ఏఎంఆర్ అనే పద్ధతి, ఫోన్ కాల్‌కు వాడేదే. చాలా ప్లేయర్లకు ఏఎంఆర్ తెలీదు, అందుకే మూగగా ఆడతాయి. ముందు కార్డులో ఫైలును ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి, కార్డు మీద ఏమీ ఆడించొద్దు. తర్వాత కొత్త వీఎల్సీ వేసి అందులో పెట్టండి.

మల్లెమొగ్గ, కడప
గురువారం రాత్రి 11:20

వచ్చింది. "సాలు తియ్యి, ఫోను తడుస్తాది" అంటాడు. అంతే. అది నాకు గుర్తే లేదు.

అమ్మను లేపి వినిపించినాను.

బురుజు_పిల్లోడు, కర్నూలు
శుక్రవారం ఉదయం 6:15

అక్కా చదివి నాకు ఏం రాయాలో తెలీలేదు.

నా సంగతి. ప్యాకులు పీకేసినా, టూల్‌బార్‌లు రెండు దొరికినాయి, పాత పాటలకు సౌండ్ వచ్చేసింది. హ్యాండ్‌బ్రేక్ రాత్రి 10కి పెట్టి పండుకున్నా, సెకనుకు 8 ఫ్రేములే తిరుగుతా ఉండాది, 6 గంటల 50 నిమిషాలు అని చూపించింది. తెల్లారి 4కి కరెంటు పోయింది. 86 శాతం దగ్గర. ఆ సగం ఫైలు వీఎల్సీలో పెడితే గూడా ఆడదు, 3 జీబీ ఉండాది లోపల. ఏందన్నా ఇది.

ఒగ్గాణి_బజ్జి, గుంతకల్లు
శుక్రవారం ఉదయం 6:50

అయ్యో తమ్ముడూ. ఎంపీ4లో ఏ ఫ్రేము యాడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటాది, మూవ్ ఆటమ్ అంటారు, అది మామూలుగా అంతా అయినాంక చివర్లో రాస్తారు. అది పడకముందే కరెంటు పోతే వీడియో అంతా లోపల ఉన్నా తాళంచెవి లేని బీరువానే. మాకు గూడా ఇట్లనే, షూటింగ్ నడుస్తా ఉంటే కెమెరా బ్యాటరీ ఊడిపోతే తలంబ్రాల క్లిప్పు మొత్తం ఇట్ల అయింది ఒకసారి. అదే కెమెరాతో తీసిన బాగున్న క్లిప్పు ఒకటి ఇస్తే దాన్ని చూసి ఈ పట్టికను మళ్ళ కట్టే అన్‌ట్రంక్ అనే టూల్ ఉండాది, దాంతో తీసినా. నీకు అది అక్కర్లేదు, అసలు ఫైలు నీ దగ్గర ఉండాది కదా.

ఈసారి ముక్కలు చేయి. హ్యాండ్‌బ్రేక్‌లో రేంజ్ అనే చోట చాప్టర్లు తీసి సెకన్లు పెట్టుకో, 0 నుంచి 1800, 1800 నుంచి 3600, అట్ల. ఐదు ముక్కలు వస్తాయి, చివరిది చిన్నది. అన్నీ క్యూలో వేసి వదిలెయ్. కరెంటు పోతే పోయేది ఒక ముక్కే. కావాలంటే ఎంపీ4 బదులు ఎంకేవీ పెట్టుకో, సగంలో ఆగినా ఆడినంత వరకు ఆడతాది.

హంద్రీనీళ్లు, కర్నూలు
శుక్రవారం ఉదయం 7:02

లేదా మా ఇంటికి తెచ్చుకో, ఇన్వర్టర్ ఉంది, పన్నెండో జనరేషన్ ల్యాప్‌టాప్ ఉంది. వెంకటరమణ కాలనీ. గంటలో అయిపోతాది. ఫార్మాట్ గూడా కొట్టిస్తా.

బురుజు_పిల్లోడు, కర్నూలు
శుక్రవారం ఉదయం 7:05

ఫార్మాట్ వద్దు అన్నా 😂 పెన్‌డ్రైవ్ తీసుకోని సాయంత్రం వస్తా.

లెక్కల_సారు, కడప
శనివారం ఉదయం 11:00

రెండో సీడీ ఐసోబస్టర్‌తో వచ్చింది. మధ్యలో 4 నిమిషాలు పోయినాయి. చూస్తే అవి నా ఉపన్యాసం ఉన్న నిమిషాలు. ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు.

బురుజు_పిల్లోడు, కర్నూలు
ఆదివారం రాత్రి 9:30

అందరికీ చెప్పాలని వచ్చినా.

హంద్రీ అన్న ల్యాప్‌టాప్‌లో 50 నిమిషాల్లో అయిపోయింది. వదిన కారం దోశలు పెట్టింది, అది వేరే కథ. ఫైలు 3.5 జీబీ. మా ఐ3లో సీపీయూ 15 గూడా దాటలే. హెచ్‌డీఎంఐ వైరు తగిలించి టీవీలో పెట్టినా, బొమ్మ వచ్చింది, సౌండ్ రాలే, నాకు గుండె జారిపోయింది. ఇంటినిండా జనాలు. తర్వాత చూసుకుంటే సౌండ్ ఇంగా సీపీయూ స్పీకర్లకే పోతా ఉండాది, ఆ స్పీకర్ల వైరు నేను బుధవారం పీకినా కదా. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకుంటే వచ్చేసింది.

మాటకూ పెదవులకూ కొంచెం తేడా అనిపించింది, మాట ముందు వస్తాంది. వీఎల్సీలో కే నొక్కితే ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు మాట వెనక్కు జరుగుతాదని ఇక్కడే పాత దారంలో చదివినా, రెండుసార్లు నొక్కితే సరిపోయింది. మాట వెనకబడితే జే నొక్కాలంట.

జేజి 2 గంటల 10 నిమిషాలు కదలకుండా కూర్చునింది. మంచినీళ్ళు గూడా తాగలే. తాను మొత్తం 3 సెకన్లు ఉండాది. బంతిలో కూర్చొని పప్పులో నెయ్యి పోసుకుంటా, అది గూడా సగం మొహమే, వడ్డించేవాని చేయి అడ్డం. ఇంతేనా రా అన్యాది. నేను వెనక్కి పోయి ఆపి, కీబోర్డులో ఇంగ్లీషు ఈ అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు పోతాది కదా, అట్ల నొక్కుతా నొక్కుతా వాని చేయి పక్కకు పోయిన బొమ్మ ఒకటి పట్టుకున్నా. నవ్వతా ఉండాది. షిఫ్ట్ పట్టుకొని ఎస్ నొక్కితే ఫోటోగా పడింది.

రేపు వీడియో ఆయన బళ్ళారి నుంచి వస్తాడు కదా, ఆ ఒక్క ఫ్రేమ్ 4కేలో తీసియ్యమని అడగమంటాంది. గోడకు కట్టాలంట. ఒగ్గాణి అన్నా, ఎంత సైజు దాంకా పగలకుండా వస్తాది?

ఒగ్గాణి_బజ్జి, గుంతకల్లు
ఆదివారం రాత్రి 9:52

4కే ఫ్రేమ్ అంటే 3840 బై 2160. మొత్తం ఫ్రేము అయితే 12 ఇంచుల వెడల్పు దాంకా కత్తి మాదిరి వస్తాది, జేజి మొహం వరకే కోసుకుంటే పోస్ట్‌కార్డ్ సైజు దాటొద్దు. నాకు పంపు, చేయి నీడ కొంచెం సరిచేసి ఇస్తా.